స్పైడర్‌మ్యాన్ దారం ఎంత బరువు మోసింది?

గోదావరి జిల్లాల్లో బొమ్మ గురించి వాదించుకోడానికి ముహూర్తం అక్కర్లేదు. టీ కొట్టు చాలు. నరసాపురం రేవులో మనుషుల్ని ఏరు దాటించే సఖినేటిపల్లి పంటు కాస్త ఆలస్యమైనా చాలు. హీరోల అభిమాన సంఘాల మధ్య పుట్టిపెరిగిన ఆ వాదన గుణం ఇరవయ్యేళ్ల కిందట స్పైడర్‌మ్యాన్‌కీ అంటుకుంది. “టోబీ తర్వాతే ఎవడైనా” అని ఒకడంటే, “ఆండ్రూ ఏడిస్తే చూశావురా?” అని ఇంకొకడు, “మీ ఇద్దరూ ముసలోళ్లయిపోయారు బావా, టామ్‌ని చూడండి” అని వాళ్ల తమ్ముడు. టోబీ మగ్వైర్, ఆండ్రూ గార్‌ఫీల్డ్, టామ్ హాలండ్, వరసగా ఆ వేషం కట్టిన ముగ్గురు. మనిషి దగ్గర మొదలైన వాదన మనిషి దగ్గరే ఆగిపోయేది.

అసలు పోల్చాల్సింది దారాన్ని. ఏ సినిమా ఆ దారం మీద ఎంత బరువు పెట్టింది, అది ఎక్కడ నిలిచింది, ఎక్కడ తెగింది, ఎందుకు తెగింది? వలలు, మోకులు, పంట్లు ఉన్న ఊళ్లలో ఈ లెక్క ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. అయినా ఆ రోజుల్లో ఎవరూ అటు చూడలేదు.

2002లో శామ్ రైమీ తీసిన మొదటి బొమ్మ తెలుగులోకీ వచ్చింది. అప్పట్లో డబ్బింగ్ బొమ్మంటే చాలా హాళ్లలో మార్నింగ్ షో సరుకు. ప్రింట్లు తక్కువ. పెద్ద ఊళ్లలో ఆడాక అదే బాక్సు చిన్న ఊళ్లకి దిగేది, అప్పటికి రీలు నిండా గీతలు. ఈ బొమ్మకి ఇంకో చిక్కు కూడా ఉంది. రైమీ మొదటి భాగాన్ని స్కోప్‌లో, అంటే బాగా వెడల్పాటి కొలతలో తీయలేదు, ఎత్తుకి 1.85 రెట్ల వెడల్పుతో ఫ్లాట్‌గా తీశాడు. మన తెలుగు బొమ్మలేమో ఎక్కువగా స్కోపే కాబట్టి ప్రొజెక్టరుకి స్కోప్ లెన్సు బిగించే ఉండేది. దాన్ని మార్చకుండా ఫ్లాట్ రీలు తిప్పితే బొమ్మ అడ్డంగా రెండింతలు సాగుతుంది. స్పైడర్‌మ్యాన్ పొట్టిగా, లావుగా తయారవుతాడు, నాయిక మేరీ జేన్ మొహం అప్పడంలా పరుచుకుంటుంది. లెన్సొక్కటి మార్చి, రీలు నడిచే గేటులో బొమ్మ అంచులు కత్తిరించే ప్లేటు మార్చకపోతే ఇంకో అవస్థ, బొమ్మ పైనా కిందా తెర దాటి గోడ మీద పడుతుంది. లెన్సు, ప్లేటు, తెరకి పక్కలనుండే నల్లగుడ్డ, ఈ మూడూ కలిసి మారాలి. తెలిసిన ఆపరేటరుంటే మేడలు నిటారుగా నిలబడేవి, లేకపోతే న్యూయార్కు మొత్తం చతికిలబడేది. 2004లో వచ్చిన రెండో భాగాన్ని, 2007లో వచ్చిన మూడో భాగాన్ని స్కోప్‌లో తీశారు. విలన్ డాక్టర్ ఆక్టోపస్ తన నాలుగు యంత్రపు చేతులూ చాచితే ఆ వెడల్పు కావాలి మరి. మన హాళ్లకి అవి సొంత కొలతలో వచ్చినట్టే.

దారం సంగతికొస్తే, మొదటి భాగం విడుదలకి ముందే అమెరికాలో అభిమానులు గొడవ పడ్డారు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కామిక్స్‌లో పుట్టించిన పీటర్ పార్కర్, అంటే ముసుగు వెనకున్న కుర్రాడు, దారాన్ని తనే కనిపెడతాడు. మణికట్టుకి చిన్న యంత్రం, లోపల గొట్టాల్లో ద్రవం. నడిమి రెండు వేళ్లు మడిచి అరచేతిలోని మీట నొక్కితే దారం చిమ్ముతుంది. ఆ చేతి ముద్రకి కారణం ఇదే, పిడికిలి బిగించినప్పుడు పొరపాటున నొక్కుకోకూడదు. రైమీ సినిమాలో యంత్రం లేదు, దారం ఒంట్లోంచే వస్తుంది. జేమ్స్ కామెరాన్ ఈ కథని తను తీద్దామనుకున్నప్పుడు రాసుకున్న ఆలోచన అది, రైమీ దాన్ని ఉంచేశాడు. మన దగ్గర దీనిమీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. 1980లో ఎన్టీఆర్ ‘సూపర్‌మేన్’కి ఆంజనేయస్వామి వరంతో బలం వస్తే చప్పట్లు కొట్టిన జిల్లాలివి, సాలీడు కుట్టి మణికట్టులో దారం పుట్టిందంటే కాదంటారా?

కానీ ఆ ఎంపికతో కథ నడక మారిపోయింది. యంత్రమైతే ద్రవం అయిపోతుంది, గొట్టం మార్చుకోవాలి, లేదా యంత్రం చెడుతుంది. ఒంట్లోంచే వచ్చేదైతే మనసు చెడ్డప్పుడు ఆగిపోతుంది. రెండో భాగం సగం ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. ఊగుతూ ఊగుతూ మధ్యలో దారం రాక సందులో పడతాడు. గోడలెక్కేవాడు వేషంలోనే లిఫ్టులో, పక్కన పరాయి మనిషితో నిలబడి కిందికొస్తాడు. తర్వాతి ఆండ్రూ, టామ్ వరసల్లో యంత్రమే కాబట్టి ఈ పని చేయడం కుదరదు.

ఇక రెండో భాగంలో రైలు. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. నేపథ్యంలో కనిపించే ఆ ఎత్తు పట్టాలు షికాగోవి, కథలో మాత్రం న్యూయార్కు. డాక్టర్ ఆక్టోపస్ బండి నడిపే మీట విరిచేసి వెళ్లిపోతాడు, ముందు పట్టాలు అయిపోతున్నాయి. స్పైడర్‌మ్యాన్ మొదట కాళ్లు అడ్డం పెడతాడు. స్లీపర్లు ఒకటొకటిగా పుటుక్కుమంటాయి గానీ బండి ఆగదు. తర్వాత రెండు వైపులా చెరొక దారం వేస్తాడు. దారం తెగదు, అది అంటుకున్న గోడ పెచ్చు ఊడి వచ్చేస్తుంది. సన్నివేశం గొప్పతనమంతా ఇక్కడే ఉంది. తాడు గట్టిదైతే సరిపోదు, గుంజ గట్టిదవ్వాలి. అందుకని మూడోసారి రెండు చేతుల్తోనూ వరసగా, ఒక్కో మేడకి ఒక్కో దారం చొప్పున వేసుకుంటూ పోతాడు. బరువు పదిచోట్లకి పంచుకుపోతుంది. దారాలు సాగుతాయి, భుజాలు విరుచుకుపోతాయి, ఛాతీ మీద వేషం చిరుగుతుంది. బండి చాలా దూరం ఈడ్చుకుపోయి, పట్టాల చివర ముక్కు గాల్లోకి పెట్టి ఆగుతుంది.

2013లో ఇంగ్లండులోని లీస్టర్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విద్యార్థులు దీనికి లెక్క కట్టారు. దారాలు దాదాపు 3 లక్షల న్యూటన్ల లాగుడు తట్టుకోవాలని తేలింది. 30 టన్నుల బరువు వేలాడదీసినంత. దారం బిగువు, అంటే సాగదీతకి ఎదురు నిలిచే గుణం, 3.12 గిగాపాస్కల్స్ ఉండాలన్నారు. అది నిజం సాలెపట్టుకి ఉండే బిగువే. రైమీ బృందం ఈ లెక్కలు కట్టి తీసిందో లేదో గానీ, చూసేవాడి కంటికి లెక్క సరిపోయింది. ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. డాక్టర్ ఆక్టోపస్ చేతులు కూడా అన్నిచోట్లా కంప్యూటర్ బొమ్మలు కావు. చాలా షాట్లలో నిజంగా తయారుచేసి, ఆ వేషం కట్టిన ఆల్ఫ్రెడ్ మొలినా ఒంటికి తగిలించి, వెనకనుంచి మనుషులు తోలుబొమ్మల్లాగే ఆడించారు. బరువు కనిపించడానికి అదీ ఒక కారణం.

ఇదే రైలు మన రాజమండ్రి దగ్గర 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద వస్తుంటే ఏం చేస్తాడని కుర్రాళ్లు తెగ వాదించుకునేవాళ్లు. వాదించాల్సిన ప్రశ్నే. అటూ ఇటూ మేడలుండవు, దారం తగిలించడానికి ఆ వంతెన ఇనప గర్డర్లే దిక్కు. పట్టాలకి అంత దగ్గర్లో వేసిన దారం పొడుగు తక్కువ కాబట్టి సాగే చోటుండదు, బిగుసుకుని తెగుతుంది. లేదంటే కొక్కెంలా అడ్డం తిరిగి పెట్టెనే చీలుస్తుంది. పొడుగాటి దారాలు వేయాలంటే వెనక్కి, దాటొచ్చిన గర్డర్లకి వేసుకుంటూ రావాలి.

మూడో భాగాన్ని మనవాళ్లు ఎక్కువగా తిట్టారు. నల్లవేషం తొడిగి వీధిలో చేసిన డాన్సుకీ, వెనమ్ అనే ఇంకో విలన్‌ని చివర్లో ఇరికించినందుకూ ఆ తిట్లు న్యాయమే. కానీ అందులో ఇసుకమనిషి పుట్టే సన్నివేశం ఉంది చూశారూ, గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకోవాలి. రేణువులు ఒకదాని మీదొకటి పేరుకుంటాయి, చెయ్యి లేస్తుంది, వేళ్లు రాలిపోతాయి, మళ్లీ పోగవుతాయి. పొడి ఇసుక గుట్ట ఒక వాలు దాటి నిలవదు, జారిపోతుంది. కాస్త తడుంటే పట్టు వస్తుంది. తడి ఎక్కువైతే బురదే. సొరంగంలో స్పైడర్‌మ్యాన్ నీళ్ల గొట్టం బద్దలు కొట్టి ఇసుకమనిషిని కరిగించేది ఈ మూడో సూత్రంతోనే. మనుషుల మీద ఇసుక పడే చోట్ల మొక్కజొన్న కండెల పొడి వాడారు, తేలిక కాబట్టి దెబ్బ తగలదు.

ఆ మూడూ హాల్లోకంటే ఎక్కువగా వీసీడీల్లోనే బతికాయి. ఒక వీసీడీలో డెబ్భై నాలుగు నిమిషాలు పడుతుంది, రెండో భాగం నిడివి 127 నిమిషాలు, అంటే రెండు డిస్కులు. రైలు రెండో డిస్కులో ఉండేది. అద్దెకి తిరిగి తిరిగి అదే ఎక్కువ గీసుకుపోయేది, బండి ఆగే లోపల బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయేది. మెత్తటి నూలుగుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత రాత వెంబడే పడి అసలుకే మోసం వస్తుంది.

స్కూలు వార్షికోత్సవాల్లో స్పైడర్‌మ్యాన్ వేషాలు మొదలైందీ అప్పుడే. ఆ వేషానికి ప్రాణం గీతలు. రైమీ సినిమాల్లో గీతలు గుడ్డ మీద గీసినవి కావు, ఉబ్బెత్తుగా వెండిరంగులో అతికించినవి. ముసుగు కింద తలకి గట్టి డొప్ప కూడా ఉంటుంది, లేకపోతే ముక్కూ చెవులూ గుడ్డలోంచి పొడుచుకొస్తాయి. ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకి ఎర్ర లైక్రా గుడ్డ మీద నల్ల త్రీడీ అవుట్‌లైనర్ ట్యూబు చాలు. రెండు కళ్ల మధ్య చుక్క పెట్టి అక్కణ్నుంచి చుట్టూ పదహారు గీతలు లాగాలి. తర్వాత వాటి మధ్య లోపలికి వంగిన అడ్డగీతలు. గుడ్డని ముందే బుంగ మీదో కుండ మీదో సాగదీసి తొడిగి గీయాలి. పరిచి గీస్తే తొడిగినప్పుడు రంగు పగుళ్లిచ్చి రాలుతుంది. కళ్లకి ప్లాస్టిక్ రేకు పెట్టారో, మన కోస్తా ఉక్కపోతకి రెండు నిమిషాల్లో ఆవిరి పట్టి పిల్లాడికి స్టేజీ కనపడదు. తెల్ల రంగేసిన సన్నటి జాలీ పెడితే గాలి ఆడుతుంది, దూరానికి తెల్లగానే కనిపిస్తుంది.

2012లో ఆండ్రూ గార్‌ఫీల్డ్ వచ్చాడు. యంత్రం మళ్లీ మణికట్టుకెక్కింది. ఇర్ఫాన్ ఖాన్ అందులో ఉన్నాడని మనవాళ్లు గర్వంగా చెప్పుకునేవాళ్లు. త్రీడీలో చూసినవాళ్లకి మాత్రం సగం రాత్రి సన్నివేశాలు చీకట్లో కలిసిపోయాయి. పోలరాయిడ్ కళ్లద్దాల త్రీడీకి వెండిపూత తెర తప్పనిసరి, మామూలు తెల్లతెర మీద ఎడమకంటి బొమ్మా కుడికంటి బొమ్మా కలగలిసి నీడలు పడతాయి. వెండితెరున్నా కళ్లద్దాలు సగానికి పైగా వెలుతురు తినేస్తాయి. దీపం పాతదైతే ఇక చెప్పనక్కర్లేదు.

ఊగడంలో మాత్రం ఆండ్రూ సినిమాకే నా ఓటు. హార్లెంలో ఒక ఎత్తు రోడ్డు వంతెన కింద తాళ్లు కట్టి స్టంటు మనుషుల్ని నిజంగా ఊపారు. ఊయల పైనున్నప్పుడు బరువు తెలీదు, కిందికొచ్చేసరికి వేగం పెరిగి ఒళ్లు బరువెక్కుతుంది. తాడు అడ్డంగా ఉన్నచోట నుంచి వదిలితే అడుగున చేతుల మీద పడేది ఒంటి బరువుకి మూడింతలు. రైమీ మొదటి భాగంలో కంప్యూటర్ మనిషి పైనా కిందా ఒకే వేగంతో తిరుగుతాడు, అందుకే తేలిపోతాడు. ఆండ్రూ ఊగుతుంటే అడుగున భుజం గుంజేసినట్టుంటుంది. క్రేన్ల డ్రైవర్లందరూ కలిసి గాయపడ్డవాడికి దారి పొడుగునా కొమ్మలు తిప్పి పెట్టే సన్నివేశం కూడా దారానికి ఆసరా కావాలనే ఇంగితంతో పుట్టిందే.

2014లో వచ్చిన ఆండ్రూ రెండో బొమ్మలో అతని ప్రేయసి గ్వెన్ చావు. ఇక్కడే వాదన ఎప్పుడూ దారి తప్పేది. “పట్టుకున్నాడు కదా, ఎలా చచ్చిపోయింది?” అని అడగని వాళ్లు లేరు. కామిక్స్‌లో ఇది 1973 నాటి 121వ సంచిక, వంతెన మీంచి పడుతుంది. సినిమాలో గడియారపు గోపురం. లెక్క ఒకటే. మూడు సెకన్లు పడ్డ మనిషి సెకనుకి 30 మీటర్ల వేగంలో ఉంటుంది. ఆ వేగాన్ని మీటరు దూరంలో ఆపితే ఒంటి మీద పడేది మామూలు బరువుకి నలభై రెట్లకు పైమాటే, మెడ నిలవదు. అదే వేగాన్ని ఇరవై మీటర్ల మీద మెల్లగా ఆపితే మూడున్నర రెట్ల లోపు, బతికేస్తుంది. రేవులో పంటు కట్టేవాడు మోకుని గుంజకి రెండు చుట్లు చుట్టి, జారనిస్తూ జారనిస్తూ బిగిస్తాడు. ఒక్కసారి ముడేస్తే మోకైనా తెగుతుంది, గుంజైనా లేచొస్తుంది. గ్వెన్‌కి దారం అందింది, జారడానికి చోటు మాత్రం దొరకలేదు. అందులో ఆ దారం కొస చెయ్యిలా విచ్చుకుని ఆమె వైపు సాగుతుంది, గమనించారా? ఆ షాట్‌ని ఒక్కో ఫ్రేము చొప్పున ఆపుకుంటూ చూడాలి.

2002లో విలన్ గాబ్లిన్ ఇదే వంతెన ఘట్టాన్ని వేరేలా ఆడాడు, ఒక చేత్తో మేరీ జేన్, ఇంకో చేత్తో పిల్లలున్న రోప్‌వే పెట్టె. అక్కడ స్పైడర్‌మ్యాన్ పెట్టెని ఆపి గాల్లోనే నిలబెడతాడు, కిందికి బార్జీ వచ్చాక మెల్లగా దానిమీదకి దించుతాడు. కింద ఆనుకోడానికి ఏదో ఉంది కాబట్టే ఆ రోజు అందరూ బతికారు.

టామ్ హాలండ్ విషయంలో మన జిల్లాల వాళ్లు కొంచెం అన్యాయం చేశారు. ఐరన్‌మ్యాన్ అయిన టోనీ స్టార్క్ ఇచ్చిన వేషం, కదిలే కళ్లు, అన్నీ అరువు సొత్తని తీసిపారేశారు. 2017 నాటి ‘హోమ్‌కమింగ్’లో ఫెర్రీ సన్నివేశాన్ని పంట్లెక్కి తిరిగేవాళ్లు ఇంకా శ్రద్ధగా చూడాల్సింది. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ నిలువునా రెండుగా చీలుతుంది. కుర్రాడు పరుగెత్తి రెండు సగాలనీ దారాలతో కుట్టేస్తాడు. వేషంలోని కంప్యూటర్ గొంతు 98 శాతం సరిగ్గా వేశావంటుంది. మిగతా రెండు శాతమే కొంప ముంచుతుంది. ఒక్కచోట పట్టు లేకపోతే ఆ బరువు పక్క దారం మీద పడుతుంది, అది తెగితే దాని పక్కదాని మీద. అలా వరసగా అన్నీ తెగుతాయి. రెండో భాగం రైలు దగ్గర దారాలు ఒకేవైపు లాగాయి, సాగడానికి వీధి పొడవు ఉంది. ఇక్కడ రెండు సగాలూ చెరోవైపుకి ఒరుగుతున్నాయి, సాగిన కొద్దీ ప్రమాదమే. ఐరన్‌మ్యాన్ వచ్చి బయటినుంచి నెట్టాల్సి వచ్చింది. అలా చీలిన ఓడకి లోపల్నుంచి కట్టడం కంటే బయటినుంచి ఒత్తడమే పనికొచ్చింది.

ఇదే సినిమాలో మేడల్లేని శివారుకి వెళ్తే గోల్ఫ్ మైదానంలో కాళ్లతో పరిగెత్తాల్సొస్తుంది. కోనసీమలో అయితే ఆ బాధ లేదు, రావులపాలెం నుంచి అమలాపురం దాకా కొబ్బరిచెట్లే. కానీ కొబ్బరి మాను వంగుతుంది. ఊపు సగం మానే తీసేసుకుంటుంది. మొవ్వు దగ్గర కాకుండా మానుకి మధ్యలో వేస్తే వంపు తక్కువ, ఎత్తు కూడా తక్కువే కాబట్టి దారాలు పొట్టిగా, దగ్గరదగ్గరగా వేసుకోవాలి.

తెలుగు డబ్బింగులో టామ్‌కి గొంతు ఇవ్వడమే అందరికంటే కష్టమని చూస్తేనే తెలుస్తుంది. ముసుగున్నంతసేపు పెదాలు కనపడవు, మాట ఎంత పొడుగైనా సర్దేయొచ్చు. ముసుగు తీసి గుక్క తిప్పుకోకుండా మాట్లాడే చోట, మూసిన పెదాలకి ప, బ, మ అక్షరాలు పడాలి, తెలుగు మాటేమో చివర అచ్చు లేకుండా ఆగదు. టోబీ నిదానంగా మాట్లాడతాడు కాబట్టి పాత బొమ్మల తెలుగు హాయిగా కూర్చుంది.

2018లో వచ్చిన బొమ్మల సినిమా ‘స్పైడర్‌వర్స్’ది పూర్తిగా వేరే దారి. ఒక్కటి చెప్తాను. కొత్తగా నేర్చుకుంటున్న కుర్ర స్పైడర్‌మ్యాన్ మైల్స్ చాలాచోట్ల సెకనుకి పన్నెండు బొమ్మల చొప్పున కదులుతాడు, పక్కనున్న అనుభవజ్ఞుడు పీటర్ ఇరవై నాలుగు చొప్పున. ఇద్దరూ ఒకే దారానికి వేలాడుతున్నా ఒకడు తడబడుతున్నట్టు కనపడేది అందుకే.

2021 డిసెంబరు 16న టామ్ బొమ్మ ‘నో వే హోమ్’ మనకి అమెరికా కంటే ఒక రోజు ముందొచ్చింది. మర్నాడే, మారేడుమిల్లి అడవుల్లో తీసిన ‘పుష్ప’. ఒక్క రోజు సందులో దూరి చూడాల్సిన బొమ్మ అది. ముగ్గురు పీటర్లు ఒకచోట నిలబడి, దారం ఒంట్లోంచి వస్తుందా, యంత్రంలోంచా అని టోబీని ఆరా తీస్తుంటే టీ కొట్ల దగ్గరి వాదన తెరమీదికెక్కినట్టయింది.

మళ్లీ చూద్దామనుకునేవాళ్లకి రైమీ రెండో భాగానికి 2.1 అని ఎనిమిది నిమిషాలు ఎక్కువున్న ప్రతి ఉంది, అయినా హాల్లో వచ్చినదే బిగువుగా ఉంటుంది. చూడాల్సిన జత వేరే ఉంది. 2014 గోపురం ఘట్టాన్నీ, ‘నో వే హోమ్’లో టామ్ ప్రేయసి ఎంజే పడిపోయే ఘట్టాన్నీ ఒకదాని వెంట ఒకటి పెట్టండి. రెండోసారి ఆండ్రూ పైనుంచి ఆమె మీదకి దారం విసరడు. తనే దూకుతాడు, రెండు చేతులా ఆమెని ఒడిసి పట్టుకుంటాడు, ఆ తర్వాతే దారాన్ని వాడతాడు. ఇద్దరూ ఒకే ఊపులో వంపు తిరుగుతూ దిగుతారు కాబట్టి ఎక్కడా ఠక్కున ఆగడం ఉండదు.